ఖాలా డబ్బాలో లేని ఈక

నవంబర్ 6, గురువారం

ఈరోజు ఏమీ జరగలేదు.

కాలేజీ నుంచి ఎప్పటిలాగే షేర్ ఆటోలో ఫలక్‌నుమా వెళ్ళాను. షౌకత్ బీని అందరం ఖాలా అంటాం, అంటే పిన్ని. ఆమె కార్ఖానాలో నా చోట కూర్చుని పదిహేను మక్కీలు కట్టాను. మక్కీ అనేది ఇక్కడి మాట. 'ఈగ' అని రాయబోయి ఆగాను. ఈగకు ప్రాణం ఉంటుంది. ఇది గాలం మీద చుట్టిన కోడి ఈక, దారం. ట్రౌట్ అనే చేపకు ఆ తేడా తెలియదట. 'చూడని నీళ్ళలోని చూడని చేప కోసం తొమ్మిదిమంది ఆడవాళ్ళం రోజంతా మోసం తయారు చేస్తాం' అని చేరిన మొదటి వారం ఈ డైరీలో రాసుకున్నాను. ఆ వాక్యం అప్పుడు ఎంత నచ్చిందో. ఇందాక ఆ పేజీ చించేశాను.

నాలుగు గంటలకు దస్తగీర్ భాయ్ కాగితం తెచ్చాడు. ఆయన ఖాలా కొడుకు. సరుకు పంపేదీ సంతకాలు పెట్టేదీ ఆయనే. ఇంగ్లీషు బాగానే మాట్లాడతాడు, చదవడం దగ్గర మాత్రం తన మీద తనకు నమ్మకం లేదు.

"పంతులమ్మా, జర చదివి చెప్పు. గీ కాగితాలు చూస్తే నాకు బుగులైతది" అన్నాడు.

బుగులు. చిన్నప్పటి నుంచి వింటున్న మాట, ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. భయం కంటే లోపల ఉంటుంది.

అది ఎగుమతి డిక్లరేషన్. ఒక్కో వాక్యం చదివి, తెలుగులో చెప్పాను. గాలాలు ఉక్కువి. ఈకలు పెంపుడు కోళ్ళవి, బాతులవి. కడిగి రంగు వేసినవి. నాలుగో వాక్యం దగ్గర దాహం వేసింది. నీళ్ళు తాగాను. ఐదో వాక్యం చదివాను.

దస్తగీర్ భాయ్ సంతకం పెట్టాడు. సరుకు వెళ్ళే రోజు ఆయన అందరికీ ఉల్లిగడ్డ సమోసాలు తెస్తాడు. ఇవాళా తెచ్చాడు. సరుకు డబ్బాను బండి మీద కట్టుకుని కార్గో ఏజెంటు గోదాముకు వెళ్ళిపోయాడు. మంగళవారం విమానం ఎక్కుతుంది.

ఏమీ జరగలేదు. సమోసా ఒక్కటే సగంలో వదిలేశాను.


నవంబర్ 7, శుక్రవారం

నాలుగో వాక్యం ఇది: 'ఈ సరుకులో నెమలి ఈక గానీ, అడవికోడి ఈక గానీ, మరే అడవి పక్షి ఈక గానీ లేదని ధ్రువీకరిస్తున్నాను.'

ఉంది.

వరసగా రాస్తాను. వరసగా రాస్తే చిన్నదిగా కనిపించవచ్చు.

కొనేవాళ్ళు ప్రతి మక్కీకీ ఒక కాగితం పంపుతారు. అందులో రెండు వరసలు. ఒకటి క్లాసిక్, అంటే పాతకాలం నుంచి కడుతున్న తీరు. రెండోది వేరియంట్, దాన్నే కొంచెం మార్చింది. ఈసారి మక్కీకి క్లాసిక్ వరసలో ఒంటికి చుట్టాల్సింది నెమలి ఈక పోగు అని ఉంది. వేరియంట్ వరసలో రంగు వేసిన బాతు ఈక. మా కార్ఖానాలో రెండింటికీ బాతు ఈకే చుడతారు. క్లాసిక్‌కు తోక ఎరుపు, వేరియంట్‌కు పసుపు, అంతే తేడా.

ఈకలన్నీ ఖాలా దగ్గరి బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి. నేను చేరిన రోజే ఆమె చెప్పింది: "కాగితం చూసి ఆకారం నేర్చుకో. సామాను మాత్రం నా డబ్బాల నుంచే తీస్కో. బయటి పోగు ఒక్కటి గూడ వద్దు." ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు. ముసలివాళ్ళ పట్టింపు అనుకున్నాను.

'క్లాసిక్' అని చీటీ అంటించి బాతు ఈక పంపడం నాకు అబద్ధంలా తోచింది. మాట ఒకటి, వస్తువు ఒకటి. నెలరోజులుగా అది గుచ్చుతూనే ఉంది. పోయిన శనివారం ఖాలాకు కంటి ఆపరేషన్ అయింది. ఆమె పైన ఇంట్లోనే ఉంది. మక్కీలను భూతద్దం కింద పెట్టి చూసేవాళ్ళు కింద ఎవరూ లేరు. సోమవారం నేను నా నెమలీక తెచ్చాను.

ఇంటర్ పరీక్షల ముందు అమ్మ నన్ను దర్గాకు తీసుకెళ్ళింది. అక్కడ ఫకీరు నెమలీకల కట్టతో నా తల మీద తట్టినప్పుడు ఒక ఈక ఊడి భుజం మీద పడింది. దాన్ని పుస్తకంలో దాచుకున్నాను. నేను ఫస్ట్ క్లాసులో పాసైంది దానివల్లేనని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఆ ఈకకు ఒక పక్క పోగులన్నీ పీకి పన్నెండు మక్కీలు కట్టాను. బ్రహ్మాండంగా వచ్చాయి. అదీ రాయాలి. నా చేత్తో కట్టినవాటిలో అంత బాగా వచ్చినవి ఇంకేవీ లేవు. కిటికీ దగ్గర తిప్పితే ఒంటి మీద ఆకుపచ్చ, రాగి, మళ్ళీ ఆకుపచ్చ.

నెమలీకను పుస్తకంలో దాస్తే పిల్లల్ని పెడుతుందని చిన్నప్పుడు నమ్మేవాళ్ళం. పెట్టింది. పన్నెండు.

మంగళవారం పళ్ళెం తీసుకుని పైకి వెళ్ళి ఖాలాకు చూపించాను. ఆమె నల్లద్దాలు పెట్టుకుని ఉంది. వేళ్ళతో తడిమి, "నీ చెయ్యి కుదిరింది బిడ్డా" అని ఒకదాన్ని తీసి మంచం పక్క పరదాకు గుచ్చుకుంది. "సోమవారం డాక్టర్ దగ్గరికి పోతున్న. గప్పటిదాంక దగ్గరి చూపు వద్దన్నడు. వచ్చినంక కొత్త కంటితోని ముందు దీన్నే చూస్త" అంది.

మిగతా పదకొండూ కిందికి వెళ్ళాయి. నా పక్కన కూర్చుని కట్టే ముస్కాన్ అందరి మక్కీలూ ఒకే పెద్ద పళ్ళెంలో కలిపింది. ఎవరి డజను వాళ్ళది కడితే ఒకటి పొట్టిగా, ఒకటి లావుగా కనిపిస్తుందని ఇక్కడ అన్ని చేతులనూ కలిపేశాకే పన్నెండేసి సంచుల్లో వేస్తారు. ఆరు వందల క్లాసిక్ మక్కీలు, యాభై సంచులు. వాటిలో నావి పదకొండు. ఎక్కడున్నాయో నాకూ తెలియదు.

గురువారం ఆ నాలుగో వాక్యం చూసేదాకా నెమలి ఈక దేశం దాటకూడదని నాకు తెలియదు. ఇది నిజం.

చూశాక కూడా చెప్పలేదు. ఇదీ నిజం.


నవంబర్ 8, శనివారం

పదకొండు డబ్బాలో. ఒకటి పరదాకు.

ఆరు వందల్లో పదకొండు ఏపాటి? అసలు డబ్బా ఎవరు తెరుస్తారు? తెరిచినా చూసినవాళ్ళకు బాతుకూ నెమలికీ తేడా తెలియాలి కదా?

ముస్కాన్‌ను అడిగాను. ఏదో ఊసుపోక అడిగినట్టే అడిగాను. ఆమె దారం కొరుకుతూ చెప్పింది.

"తెలుస్తదే. కస్టమ్సోళ్ళ దగ్గర గదే పనికి మనుషులుంటరు. ఎనిమిదేండ్ల కింద ఎవరో ఒకాయన డబ్బాల నెమలి ఈక దొరికింది. కార్ఖానా బంద్. కేసు ఇంకా నడుస్తనే ఉందట."

"ఎవరి మీద కేసు?"

"ఎవరి దస్కత్ ఉంటే వాళ్ళ మీద. ఇంకెవరి మీద?" కాగితం మీద దస్కత్, అంటే సంతకం, దస్తగీర్ భాయ్‌ది. ముస్కాన్ నా వైపు చూసింది. "ఏందే పంతులమ్మా, నీకెందుకు గిదంత? కథ రాస్తున్నవా?"

"అవును. కథే."

"అయితే నాకు మంచి పేరు పెట్టు. నా పేరుగల్లోళ్ళు మా గల్లీల నలుగురున్నరు."

నవ్వాను. నవ్వు వచ్చింది కూడా. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

కొనేవాళ్ళకు తెలియదా అని మళ్ళీ అడిగాను, క్లాసిక్ అని చెప్పి బాతు ఈక పంపితే. "మస్తుగ తెలుసు. పాత పుస్తకంల ఉన్నది ఉన్నట్టు కాగితంల రాస్తరు. మనం బాతు కడ్తమని ఖాలా ఎప్పుడో రాయించింది. గాళ్ళు సరే అన్నరు" అంది.

అంటే అక్కడ అబద్ధం లేనే లేదు. అబద్ధం నేను తెచ్చాను, పుస్తకంలో పెట్టుకుని.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్ రోడ్డు మీద పోలీసు జీపు నిలబడి ఉంది. ఇద్దరు పోలీసులు చెరుకురసం తాగుతున్నారు. నేను ఆటో దిగి సందులోంచి నడిచి వచ్చాను.


నవంబర్ 9, ఆదివారం, పొద్దున

పక్కింటి నాగమణమ్మ వచ్చింది. మనవరాలు శ్రీహితకు రేపు పరీక్ష ఉందట. "మీ స్రవ్య నెమలీక ఒక్కరోజు ఇయ్యరాదూ, పుస్తకంల పెట్టుకొని పోతది" అని అడిగింది. అమ్మ నా పుస్తకాలు తెరవబోయింది. నేను లాక్కున్నాను.

"నా దోస్తుకు ఇచ్చిన."

"దర్గాల దొరికింది ఎవరికన్న ఇస్తరా? ఏ దోస్తుకు?" అంది అమ్మ.

"ముస్కాన్‌కు."

ఎంత తొందరగా వచ్చిందో ఆ పేరు. వెతుక్కోనే లేదు.

ఈక డైరీలోనే ఉంది. ఒక పక్క బోడిగా, దువ్వెన పళ్ళు విరిగినట్టు. దాని కన్ను నన్ను చూస్తున్నట్టు ఉందని రాయబోయాను. ఇలాంటివి రాయడం మానేయాలి. చూడటం లేదు. అది ఈక.


అదే రోజు, సాయంత్రం

ఖాలా ఇంటి మెట్ల దాకా వెళ్ళాను.

ఏం చెప్పాలో ఆటోలో కూర్చుని వాక్యాలు కట్టుకున్నాను. 'ఖాలా, ఒక పొరపాటు జరిగింది.' జరగడం ఏమిటి, నేను చేస్తేనే కదా జరిగింది. 'ఖాలా, నాకు తెలియక...' తెలియనిది సోమవారం. గురువారం తెలుసు. ఏ వాక్యం కట్టినా ఒక మూల నుంచి నేను తప్పించుకుపోతున్నాను.

పైనుంచి ఆమె గొంతు వినిపించింది. "ఎవరదీ? స్రవ్యనా? పైకి రా, ఎందుకు నిలబడ్డవ్?" నా అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు.

పరుగెత్తాను. చెప్పు తెగింది. మాదన్నపేటలో మా ఇంటి దాకా కుంటుకుంటూ వచ్చాను.


నవంబర్ 10, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికే వెళ్ళాను. డాక్టరు దగ్గరికి బయలుదేరడానికి ఖాలా తయారై, మంచం మీద కూర్చుని చాయ్ తాగుతోంది. దస్తగీర్ భాయ్ బయట బండి తుడుస్తున్నాడు. పరదాకు గుచ్చిన మక్కీ అక్కడే ఉంది.

"ఏందే, నిన్న దొంగలెక్క ఉరికినవ్?"

వాక్యం ఏదీ కట్టలేదు. డైరీలోంచి బోడి నెమలీక తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వేళ్ళు పోగులున్న పక్క నుంచి లేని పక్కకు వెళ్ళాయి. అక్కడ ఆగాయి.

"ఎన్ని?" అంది.

"పన్నెండు. పదకొండు డబ్బాల ఉన్నయి. ఒకటి గా పరదాకున్నది."

ఖాలా చాయ్ కింద పెట్టింది. పరదా నుంచి మక్కీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఆపరేషన్ అయిన కంటికి దగ్గరగా పట్టుకుని తిప్పింది. ఎండ పడింది.

"యా అల్లా" అంది మెల్లగా. "ఎంత మెరుస్తున్నది." ఆమె గొంతులో కోపం లేదు. మళ్ళీ తిప్పి చూసి, "గింత మెరుస్తది గనుకనే నా డబ్బాల ఉండది" అంది. అప్పుడు అరిచింది. "దస్తగీర్!"

ఆయన వచ్చాడు. ఖాలా ఉర్దూలో నాలుగు ముక్కలు చెప్పింది. దస్తగీర్ భాయ్ నన్ను ఒకే మాట అడిగాడు.

"కాగితం చదివే టైముకు నీకు తెలుసా?"

"తెలుసు."

"గందుకేనా నీళ్ళు తాగినవ్?"

తల ఊపాను. ఆయన తిట్టలేదు. ఫోన్ తీసి ఏజెంటుతో మాట్లాడాడు. మా డబ్బా పన్నెండింటికి ఎయిర్‌పోర్టు లారీ ఎక్కుతుందట. ఒకసారి లోపలికి పోతే వెనక్కి తేవడం ఇంకో లొల్లి. "రోకో భాయ్, నేను వస్తున్న" అంటూనే హెల్మెట్ పెట్టుకున్నాడు. ఖాలాను డాక్టరు దగ్గరికి ముస్కాన్ ఆటోలో తీసుకెళ్ళింది.

నేను మెట్ల మీద కూర్చున్నాను. తొమ్మిది, పది, పదకొండు. వీధిలో ప్రతి బండీ ఆయనదే అనిపించింది. పన్నెండయింది. ఆడవాళ్ళు నన్ను దాటుకుని లోపలికి వెళ్ళారు, ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటికే అందరికీ తెలుసు. ఒంటిగంట. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆయన రేడియో పెట్టాడు. దస్తగీర్ భాయ్ రాకపోతే ఏమవుతుందో ఊహించడానికి నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి. అన్నీ వచ్చాయి.

రెండున్నరకు వచ్చాడు. డబ్బా బండి మీద ఉంది. ఏజెంటు అంటించిన టేపు అలాగే ఉంది.

ఖాలా అప్పటికే తిరిగి వచ్చి మిద్దె మీద తెల్ల దుప్పట్లు పరిపించింది. "నీడల అన్నీ ఒక్కటే తీరు కనవడ్తయి. ఎండల పెట్టుండ్రి, దొంగ తనంతట తానే మెరుస్తది" అంది. యాభై సంచులు విప్పాం. ఆరు వందల మక్కీలు. ఒక్కోదాన్నీ కొసతో పట్టుకుని ఎండకేసి తిప్పాలి. బాతు ఈక ఎటు తిప్పినా ఒకే పచ్చ. నెమలి ఈకలో రాగి కదులుతుంది.

మొదటిది నాకే దొరికింది. తర్వాత ఇంకొకరికి. నాలుగింటికి ఏడు. కళ్ళలో నీళ్ళు కారి, ఏది చూసినా మెరుస్తున్నట్టే కనిపించసాగింది. బాతు ఈకను నెమలి అనుకుని రెండుసార్లు అరిచాను. ఖాలా, "కండ్లు తుడుచుకో. భయంతోని చూస్తే అన్నీ దొంగలే" అంది.

నాలుగున్నరకు పది. సూర్యుడు పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనక్కి జారుతున్నాడు. దుప్పటి మీద ఇంకా తొమ్మిది డజన్లు ఉన్నాయి. నీడ దుప్పటి అంచు ఎక్కింది. దస్తగీర్ భాయ్ లేచి దుప్పటిని ఎండ ఉన్న మూలకు లాగాడు. మళ్ళీ లాగాడు. ఇక లాగడానికి పిట్టగోడ అడ్డం వచ్చింది.

ముస్కాన్ పొద్దుటి నుంచీ నాతో మాట్లాడలేదు. గోడ మీదికి వంగి, చివరి ఎండలో చెయ్యి చాపి తిప్పుతోంది. ఉన్నట్టుండి నా వైపు వచ్చి, నా అరచేతిలో ఒకటి పెట్టింది.

"ఇగో, నీ కథ" అంది.

పదకొండు.

పరదాది తెచ్చి ఖాలా దాని పక్కనే పెట్టింది. తర్వాత నా చేతికి బ్లేడు ఇచ్చింది. "గాలాలు పారేస్తమా? కోసెయ్."

పన్నెండింటినీ నేనే కోశాను. దారం తెగగానే మక్కీ ఒళ్ళు విడిపోయి పోగులు నా ఒడిలో పడ్డాయి. ఖాలా వేలు తడి చేసుకుని ఒక్కో పోగునూ అద్ది, కాగితంలో పెట్టి మడిచింది. ఆ పొట్లం, బోడి ఈక నాకిచ్చింది.

"ఇది నీ ఇంట్ల ఉండొచ్చు. నా గడప లోపలికి రావద్దు."

"నేను?" అని అడిగాను.

ఆమె నల్లద్దాలు దించుకుంది. రేకు డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది. బాతు ఈకలు. పన్నెండు ఖాళీ గాలాలు.


నవంబర్ 11, మంగళవారం

విమానం ఇవాళ వెళ్ళింది. మా డబ్బా కార్ఖానాలో ఉంది. అయినా ఆకాశంలో చప్పుడు వినిపించినప్పుడల్లా లెక్క పెడుతున్నాను. పదకొండు, ఒకటి.


నవంబర్ 12, బుధవారం

అమ్మకు చెప్పాను. నాగమణమ్మ ఇంటికి వెళ్ళి శ్రీహితకు కూడా చెప్పాను, ఈక నా దగ్గరే ఉందని. చూపించాను. "పాపం, ఎవరు పీకిన్రు?" అని అడిగింది ఆ పిల్ల.

"నేనే" అన్నాను.


నవంబర్ 13, గురువారం

నాలుగింటికి దస్తగీర్ భాయ్ కొత్త కాగితం తెచ్చాడు. సమోసాల పొట్లం కూడా. దారం విప్పకుండా బల్ల మీద పెట్టాడు. నన్ను పంతులమ్మా అనలేదు. "చదువు" అన్నాడు.

మొదటి వాక్యం చదివి చెప్పాను. రెండు, మూడు. నాలుగో వాక్యం దగ్గరికి వచ్చేసరికి కార్ఖానాలో చేతులన్నీ ఆగాయి. నీళ్ళ కుండ నా పక్కనే ఉంది, తాగలేదు. ముందు ఇంగ్లీషులో చదివాను. తర్వాత తెలుగులో: ఈ సరుకులో నెమలి ఈక గానీ, అడవికోడి ఈక గానీ, మరే అడవి పక్షి ఈక గానీ లేదని ధ్రువీకరిస్తున్నాను. ఖాలా కోసం, వచ్చినంతలో ఉర్దూలో కూడా.

"ఉన్నదా?" అన్నాడు దస్తగీర్ భాయ్.

"లేదు."

సోమవారం ఎండలో చూశాను. మంగళవారం, బుధవారం కాలేజీ ఎగ్గొట్టి మళ్ళీ చూశాను. లేదు. అయినా ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని వెనకే నేనూ బయటికి వచ్చి నిలబడ్డట్టయింది.

ఆయన పెన్ను మూత తీశాడు. కానీ సంతకం పెట్టలేదు. కార్ఖానాలో ఉంచుకునే నకలును నా వైపు తిప్పి, నాలుగో వాక్యం పక్కన వేలు పెట్టాడు.

"చదివినోళ్ళు ముందు దస్కత్ పెట్టాలె. ఇగ ఎప్పటికీ గంతే."

ఖాలా కొత్త కంటితో నా చేతినే చూస్తోంది. పొట్లం ఇంకా విప్పలేదు. ఇప్పటిదాకా పుస్తకాల మీద, డైరీల మీద, బల్లల మీద ఎన్ని వందలసార్లు రాసుకున్నానో నా పేరు. రెండే అక్షరాలు. రాయడానికి చాలాసేపు పట్టింది.